చెప్పి చొరబడే ఉద్యోగం

కృష్ణా జిల్లా నందివాడ మండలంలో గట్టు దిగితే చెరువు, చెరువు దాటితే మళ్ళీ గట్టు. ఒకప్పుడు వరి పండిన నేలలో ఇప్పుడు బొచ్చె, శీలావతి పెరుగుతున్నాయి. పట్టుబడి రోజున చేప ఐసు పెట్టెల్లో లారీ ఎక్కి బెంగాల్, అస్సాం దాకా పోతుంది. సొమ్ము మాత్రం రైతు ఫోన్లోకి వస్తుంది. మేత కొట్టువాడికి కట్టేది ఫోన్లోనే, లీజు డబ్బు ఫోన్లోనే, డ్వాక్రా వాయిదా కూడా ఫోన్లోనే. ఇంత డబ్బు కంటికి కనపడని దారిలో నడుస్తున్నప్పుడు ఆ దారికి కాపలా ఎవరన్న ప్రశ్న హైదరాబాదువాళ్ళదో బెంగళూరువాళ్ళదో కాదు, ఈ గట్ల మీదివాళ్ళది కూడా.

ఆ ప్రశ్న మీద ఇద్దరు ఆడవాళ్ళు చేసుకున్న వాదన ఇది. అత్తయ్య ఆంధ్రా బ్యాంకులో గుమస్తాగా చేరి ఆఫీసరుగా రిటైరైన మనిషి. ఆ బ్యాంకు 1923లో మచిలీపట్నంలో పుట్టిందనీ, భోగరాజు పట్టాభి సీతారామయ్య పెట్టారనీ ఇప్పటికీ గర్వంగా చెబుతుంది. 2020 ఏప్రిల్ 1న అది యూనియన్ బ్యాంకులో కలిసిపోయిన రోజు అన్నం సరిగ్గా తినలేదట. మేనకోడలు హైదరాబాద్‌లో ఎథికల్ హ్యాకరు. కంపెనీలు పిలిచి డబ్బిస్తే వాళ్ళ కంప్యూటర్ వ్యవస్థలోకి చొరబడి, లోపాలు రాసిచ్చే ఉద్యోగం. తగువు అత్తయ్య మనవరాలి గురించి. బీటెక్ నాలుగో ఏడు చదువుతోంది. బ్యాంకు పరీక్షలు రాయాలని అమ్మమ్మ, సెక్యూరిటీ వైపు రావాలని మేనకోడలు. విన్నది విన్నట్టు రాస్తున్నాను. నా మాట కలిపినచోట నాదేనని తెలిసేలా పెట్టాను.

అత్తయ్య: నీ ఉద్యోగం గురించి పదిమందిలో చెప్పడానికి నాకు నోరు రాదే. మా తమ్ముడి కూతురు ఏం చేస్తుందంటే ఏమని చెప్పను? కంపెనీల్లోకి దొంగదారిన దూరుతుందనా? నువ్వంటే వెళ్ళావు, సరే. ఆ చిన్నదాన్ని కూడా ఎందుకు లాగుతావు?

మేనకోడలు: దొంగదారి కాదత్తయ్యా. దూరమని వాళ్ళే రాసిస్తారు. ఏ సర్వరు మీద పరీక్ష చేయాలి, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఏ వేళల్లో, దేన్ని ముట్టుకోకూడదు, ఏదన్నా తేడా వస్తే అర్ధరాత్రి అయినా ఎవరికి ఫోన్ చేయాలి, అన్నీ సంతకాలతో ఉంటాయి. ఆ కాగితం చేతికి రాకుండా మేం ఒక్క మీట నొక్కం. మీ బ్రాంచికి చెప్పాపెట్టకుండా ఇన్‌స్పెక్షన్‌కి వచ్చేవాళ్ళు గుర్తున్నారా? వచ్చీ రాగానే క్యాష్ సేఫ్ తెరవమని, నోట్లు లెక్కపెట్టి, వోచర్లు తిరగేసి, చివర్న రిపోర్టు రాసి వెళ్ళేవాళ్ళు. నా పని అదే.

అత్తయ్య: ఇన్‌స్పెక్టరు సేఫ్ తాళం విరగ్గొట్టి చూడలేదమ్మా. తాళాలు మేమే తీశాం. క్యాషియరు దగ్గరొకటి, మేనేజరు దగ్గరొకటి, ఇద్దరూ ఉంటేనే తెరుచుకునేది. నువ్వు చేసేది తాళం విరుగుతుందో లేదో చూడటం. అలవాటు పడ్డ చెయ్యి ఊరుకుంటుందా? ఇవాళ కాగితం ఉంది, చేస్తావు. రేపు కాగితం లేని చోట కూడా చెయ్యి దురద పెట్టదని నమ్మకమేంటి?

మేనకోడలు: సేఫ్‌లో లక్షలు పెట్టుకుని మీరు ముప్ఫై ఏళ్ళు కూర్చున్నారు. మీకు దురద పెట్టిందా?

అత్తయ్య: (కాసేపు ఊరుకుని) నా సంగతి వేరు. నాకు చట్టం అండ ఉంది. నీకుందా? హరిప్రసాద్ సంగతి పేపర్లో చదివాను నేను. మన తెలుగువాడే, హైదరాబాద్ ఇంజినీరు. ఓటింగ్ యంత్రంలో లోపాలున్నాయని విదేశీ నిపుణులతో కలిసి చూపించాడు. ఏమైంది? 2010 ఆగస్టులో పొద్దున్నే పోలీసులొచ్చి యంత్రం దొంగతనం కేసులో ముంబయి తీసుకుపోయారు. చదువుకున్నవాడు, మగవాడు, పేరున్నవాడు. ఆయనకే దిక్కు లేకపోతే, ఇరవై రెండేళ్ళ ఆడపిల్ల గడప ముందు జీపు ఆగితే ఈ ఊళ్ళో తలెత్తుకుంటామా?

మేనకోడలు: ఆయనకి బెయిలొచ్చింది. ఆ ఏడాదే అమెరికాలోని ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ పయనీర్ అవార్డు ఇచ్చింది. అయినా మీ భయం ఉత్తిది అనను. ఐటీ చట్టం 43వ సెక్షన్ ప్రకారం యజమాని అనుమతి లేకుండా కంప్యూటర్ ముట్టుకుంటే నష్టపరిహారం కట్టాలి. అదే పని మోసపు బుద్ధితో చేస్తే 66వ సెక్షన్ కింద మూడేళ్ళ దాకా జైలు, లేదా ఐదు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. మంచి ఉద్దేశంతో లోపం కనిపెట్టి చెప్పినవాళ్ళకి ఈ చట్టంలో విడిగా రక్షణ లేదు. అమెరికా న్యాయశాఖ 2022 మేలో, సద్బుద్ధితో చేసే పరిశోధన మీద కేసులు పెట్టొద్దని తన లాయర్లకి చెప్పింది. మనకి అలాంటి మాట రావాల్సి ఉంది. అందుకే చిన్నదానికి మొదటి రోజే చెప్పాను, అనుమతి లేని వెబ్‌సైటు మీద సరదాకి కూడా చెయ్యి పెట్టొద్దని.

అత్తయ్య: ఒప్పుకున్నావు కదా, రక్షణ లేదని.

మేనకోడలు: కాగితం లేని పనికి లేదు. ఉద్యోగంలో చేసే పనికి ఉంది.

వాదన ఇక్కడితో తెగుతుందనుకున్నాను. తెగలేదు. అత్తయ్య అసలు బలం చట్టంలో లేదు, బ్యాంకు అనుభవంలో ఉంది. ఆవిడ తర్వాత ఎత్తుకున్న ఉదాహరణకి నేను సిద్ధంగా లేను.

అత్తయ్య: బంగ్లాదేశ్ సెంట్రల్ బ్యాంకు సంగతి తెలుసా నీకు?

మేనకోడలు: తెలియకపోవడమేమిటి? 2016 ఫిబ్రవరి. దాదాపు 95 కోట్ల డాలర్లు కాజేయబోయారు, 8 కోట్లు దాటే పోయాయి.

అత్తయ్య: నేను రిటైరయ్యాక జరిగింది. అయినా వదలకుండా చదివాను. న్యూయార్క్‌లో ఆ బ్యాంకు ఖాతా. ఢాకాలో వారాంతపు సెలవు చూసుకుని, దొంగలు ఆ బ్యాంకు పేరు మీదే న్యూయార్క్‌కి చెల్లింపు ఉత్తర్వులు పంపారు. రోజూ వాటి నకళ్ళు అచ్చయ్యే ప్రింటర్ ఒకటి ఉంటుంది. దాన్ని పని చేయకుండా చేశారు. పొద్దున్న వచ్చినవాళ్ళు ప్రింటర్ చెడిపోయిందనుకున్నారు. మా రోజుల్లో సాయంత్రానికి డే బుక్ కలవకపోతే ఇంటికి కదిలేవాళ్ళం కాదు. నాలుగణాలు తేడా వచ్చినా రాత్రి పదింటి దాకా వెతికిన రోజులున్నాయి. ప్రింటర్ పని చెయ్యకపోతే దాని పక్కనే కూర్చునేదాన్ని నేను. సరే, శ్రీలంకకి పోతున్న రెండు కోట్ల డాలర్లు ఎలా ఆగాయో అది చెప్పు.

మేనకోడలు: ఫౌండేషన్ అన్న మాట స్పెల్లింగు తప్పు రాశారు. మధ్యలో ఉన్న బ్యాంకులో ఎవరికో అనుమానం వచ్చి ఆపి అడిగారు.

అత్తయ్య: చూశావా! ఏ హ్యాకరూ ఆపలేదు. కాగితం చదివిన మనిషి ఆపాడు. అందుకే అంటున్నా, ఆ పిల్లని బ్యాంకులోకి పంపు, కాగితం చదవడం నేర్చుకుంటుంది. మనకి కావాల్సింది అది.

ఈ మాట దగ్గర అత్తయ్యదే పైచేయి అని నాకనిపించింది. యంత్రాల కాపలా అనగానే యంత్రాలే కాస్తాయనుకుంటాం. చివరికి చదివే కన్ను కావాలి. మేనకోడలు తల ఊపింది. కానీ వదల్లేదు.

మేనకోడలు: ఆ కన్ను లేకపోతే ఇంకో రెండు కోట్లు పోయేవి, నిజం. మరి ముందు పోయిన ఎనిమిది కోట్ల మాటేంటి? దొంగలు ఆ రోజు రాలేదు అత్తయ్యా. అంతకు ఏడాది ముందే ఉద్యోగ దరఖాస్తు పేరుతో మెయిల్ పంపారు. ఎవరో తెరిచారు. అక్కడినుంచి లోపలే ఉండి, ఏ మనిషి ఏ వేళకి ఏం చేస్తాడో చూశారు. ఫైర్‌వాల్ లేదు, పది డాలర్ల పాత స్విచ్‌లు వాడారు అని అక్కడి దర్యాప్తు అధికారే చెప్పాడు. ముందుగా నాలాంటిదాన్ని పిలిచి ఉంటే మొదటి వారంలోనే రాసిచ్చేదాన్ని. అంత దూరం ఎందుకు, హైదరాబాద్ మహేష్ బ్యాంకు. 2022 జనవరిలో 12 కోట్లకి పైగా పోయాయి. అక్కడ కూడా ఉద్యోగులకి వచ్చిన మెయిళ్ళే దారి ఇచ్చాయి. తర్వాత రిజర్వు బ్యాంకు ఆ బ్యాంకుకి 65 లక్షలు జరిమానా వేసింది. అది సహకార బ్యాంకు. మన సొసైటీలు, మన జిల్లా సహకార బ్యాంకు ఇప్పుడు కంప్యూటర్ల మీదే నడుస్తున్నాయి కదా.

అత్తయ్య: బ్యాంకుల తప్పులు నాకు చెబుతున్నావా?

మేనకోడలు: మీ బ్యాంకుల్లోనే నాలాంటివాళ్ళు కావాలని రిజర్వు బ్యాంకు చెబుతోంది. 2016 జూన్‌లో ఇచ్చిన సర్క్యులర్‌లో ప్రతి బ్యాంకుకీ ప్రత్యేకంగా సైబర్ భద్రత విధానం ఉండాలంది, రాత్రీ పగలూ కనిపెట్టి చూసే కేంద్రం ఉండాలంది. హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లో బ్యాంకుల సాంకేతిక పరిశోధన సంస్థ ఐడీఆర్‌బీటీ ఉంది, 1996లో రిజర్వు బ్యాంకే పెట్టింది. బ్యాంకుల వెబ్‌సైట్లు 2025లో డాట్ బ్యాంక్ డాట్ ఇన్ అనే చిరునామాకి మారాయి చూడండి, దొంగ వెబ్‌సైట్లని జనం గుర్తు పట్టాలని. ఆ చిరునామాలు ఇచ్చే అధికారం ఆ సంస్థదే. మీరు బ్యాంకు అంటున్నారు, నేను సెక్యూరిటీ అంటున్నాను. ఇవి రెండూ ఎదురెదురు దారులు కావు. బ్యాంకు పరీక్షలు పెట్టే ఐబీపీఎస్ వాళ్ళు ఐటీ ఆఫీసరు పోస్టులకి విడిగా పరీక్ష పెడుతున్నారు కూడా.

అత్తయ్య: అయితే పింఛనుంటుంది.

మేనకోడలు: 2010 ఏప్రిల్ తర్వాత చేరినవాళ్ళకి మీ పింఛను లేదత్తయ్యా. ఎన్‌పీఎస్ మాత్రమే.

అత్తయ్యకి ఈ సంగతి తెలుసు. తెలిసినా ఒప్పుకోవడం ఇష్టం లేనట్టు మాట మార్చింది.

అత్తయ్య: బ్యాంకుల సంగతి వదిలెయ్. ఈ ఊళ్ళో డబ్బు పోగొట్టుకున్నవాళ్ళని చూస్తున్నా కదా. ఎవడూ ఏ కంప్యూటరూ పగలగొట్టలేదు. ఫోన్ చేసి, మేం సీబీఐ, మీ ఆధార్ మీద పార్సిల్‌లో మత్తుమందు దొరికింది, వీడియో ముందు నుంచి కదలొద్దు అంటాడు. డిజిటల్ అరెస్టట. అలాంటిదేదీ చట్టంలో లేదని 2024 అక్టోబరులో ప్రధానమంత్రే రేడియోలో చెప్పాల్సి వచ్చింది. చదువుకున్నవాళ్ళే బిగుసుకుపోయి దాచుకున్నదంతా పంపేస్తున్నారు. అక్కడ నీ విద్య ఏం చేస్తుంది? మనిషి భయానికి పాచ్ ఉందా?

మేనకోడలు: లేదు. భయానికి మనుషులే కావాలి. కానీ యంత్రం లోపాన్ని సరిచేసే పాచ్ ఉండి కూడా వెయ్యకపోతే ఏమవుతుందో మన జిల్లాకే తెలుసు. 2017 మేలో వన్నాక్రై అనే సైబర్ దాడి వచ్చింది. ప్రపంచమంతా కంప్యూటర్లకి తాళం పడింది. మన రాష్ట్రంలో పోలీసు కంప్యూటర్లు పడ్డాయి, చిత్తూరు, గుంటూరు, విశాఖ, శ్రీకాకుళం, వాటితోపాటు మన కృష్ణా జిల్లా. దానికి మందు మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది. రెండు నెలలు వెయ్యలేదు. ఫిర్యాదు తీసుకునే స్టేషన్లోని కంప్యూటరే బందీ అయితే జనం ఎక్కడికి పోతారు?

ఇంకోటి చెబుతాను. ఇది మీకు దగ్గరది. చెరువు లీజుకిచ్చినప్పుడు రిజిస్ట్రారాఫీసులో వేలిముద్ర వేశారు కదా?

అత్తయ్య: వేశాను. సంతకం వచ్చినా వేయించుకుంటారు.

మేనకోడలు: 2018లో తెలంగాణలో, పెద్దపల్లి జిల్లాలో, సిమ్ కార్డులమ్మే ఒకతను పట్టుబడ్డాడు. కంపెనీ పెట్టిన టార్గెట్ కోసం వేల సిమ్‌లు ఊరూపేరూ తెలియని మనుషుల వేలిముద్రలతో యాక్టివేట్ చేశాడు. ఆ ముద్రలు ఎక్కడివి? రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్లో ఎవరైనా దించుకోగల దస్తావేజు నకళ్ళలోవి. అందులో వేలిముద్ర ఉంది, ఆధార్ నంబరు ఉంది. రబ్బరు స్టాంపులు చేసే యంత్రం ఉంటుంది చూడండి, దానిమీద ఆ ముద్రని పాలిమర్ ముక్కగా తీశాడు. ఆ ముక్క పెడితే మిషన్ అది మనిషి వేలే అనుకుంది.

అత్తయ్య తన బొటనవేలు వంక చూసుకుంది.

మేనకోడలు: తర్వాతి ఏళ్ళలో ఇదే పద్ధతితో ఆధార్ చెల్లింపుల మీద పడ్డారు. ఊళ్ళలో బ్యాంకు కరస్పాండెంట్ల దగ్గర వేలు పెడితే డబ్బిస్తారు కదా, దానికి ఓటీపీ అక్కర్లేదు. ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర ఉంటే చాలు. ముఠాలు పట్టుబడ్డాయి. ఎవరి డబ్బు పోయింది? చదువురాని ముసలివాళ్ళది, కూలీలది, డ్వాక్రా ఆడవాళ్ళది. ఒక్క పాస్‌వర్డ్ కూడా పగల్లేదక్కడ. వెబ్‌సైటు కట్టిన రోజున ఒక్క మనిషి కూర్చుని, ఈ నకలు ఎవరు చూస్తారు, చూస్తే దీంతో ఏం చేయొచ్చు అని దొంగలా ఆలోచించి ఉంటే సరిపోయేది. అలా ఆలోచించడమే నా ఉద్యోగం. 2023లో ఆధార్ సంస్థ ముద్ర బతికున్న వేలిదా కాదా అని చూసే కొత్త పద్ధతి పెట్టింది. బయోమెట్రిక్‌కి మనమే తాళం వేసుకునే వీలు ఆధార్ యాప్‌లో ఉంది. మీకు వేశారా?

అత్తయ్య: లేదు.

మేనకోడలు: ఫోన్ ఇవ్వండి.

తాళం వేయడానికి అయిదు నిమిషాలు పట్టింది. అత్తయ్య అడిగిన ప్రశ్నలు వినదగినవి. తాళం వేస్తే రేషన్ డీలరు దగ్గర వేలు పడుతుందా? మళ్ళీ కావాలంటే ఎలా తీయాలి? ఫోన్ పోతే? ఈ ప్రశ్నలు అడగగల మనిషి వ్యవస్థలు కట్టే బల్ల దగ్గర కూర్చుంటే ఎంత బావుండేదో అనుకున్నాను.

అత్తయ్య: సరే, దొంగలా ఆలోచించడం అంటున్నావే. అదేంటో నాకు చూపించు.

మేనకోడలు లాప్‌టాప్ తెరిచి, ముందు వైఫై ఆపేసింది. ఓవాస్ప్ అనే లాభాపేక్ష లేని సంస్థ, నేర్చుకునేవాళ్ళ కోసమే కావాలని లోపాలతో కట్టిన ఉత్తుత్తి దుకాణం ఒకటుంది, పేరు జ్యూస్ షాప్. అది ఆ లాప్‌టాప్‌లోనే నడుస్తుంది, బయట ఎవరికీ సంబంధం లేదు. కొత్త ఖాతా తెరిచి ఒక ఆపిల్ జ్యూస్ బుట్టలో వేసింది. తెర పక్కనే ఇంకో కిటికీ తెరిస్తే ఆ బుట్టకున్న నంబరు కనిపించింది. ఆ అంకె చెరిపేసి ఇంకో అంకె కొట్టి, పేజీ మళ్ళీ తెరిచింది. బుట్టలో వేరే సరుకులు వచ్చాయి. ఎవరివో.

అత్తయ్య: ఇదేంటి, ఇది నువ్వు పెట్టింది కాదుగా?

మేనకోడలు: వేరే మనిషి బుట్ట.

అత్తయ్య: అంటే నువ్వు లోపలికొచ్చావా లేదా అని చూసింది. ఆ బుట్ట నీదేనా అని చూడలేదు.

మేనకోడలు: అంతే. ఇప్పుడు బుట్ట అన్నచోట ఆసుపత్రి రిపోర్టు అనుకోండి, బ్యాంకు స్టేట్‌మెంటు అనుకోండి. 2021లో ఓవాస్ప్ వేసిన పది ప్రమాదాల పట్టికలో మొదటిది ఈ రకం లోపమే. ఇది పట్టుకోవడానికి ముందు కావాల్సింది అనుమానం, తర్వాతే గణితం. మీకు ఆ అనుమానం ఇప్పుడే వచ్చింది.

అత్తయ్య నవ్వలేదు. కళ్ళజోడు సర్దుకుని, ఇంకోసారి చెయ్యమంది. రెండోసారి ఆవిడే అంకె మార్చింది.

నా మాట ఒకటి ఇక్కడ. ఎథికల్ హ్యాకింగ్ అనగానే సినిమాలు నల్లటి తెర మీద పచ్చటి అక్షరాలు చూపిస్తాయి. ఆ పని చేసేవాళ్ళని అడిగితే సగం రోజు రాతేనంటారు. లోపం ఏ మెట్టు దగ్గర కనిపించింది, మళ్ళీ చేసి చూడాలంటే ఎలా, దానివల్ల ఎవరికి ఎంత నష్టం, ఎలా సరిచేయాలి, సరిచేశాక మళ్ళీ పరీక్షించారా. ఈ రంగంలో గౌరవమున్న ఓఎస్‌సీపీ పరీక్షలో దాదాపు 24 గంటలు యంత్రాల మీద చొరబాటు, ఆ తర్వాత ఇంకో 24 గంటల్లో రిపోర్టు. ఎంత బాగా చొరబడినా రిపోర్టు సరిగా లేకపోతే తప్పినట్టే. చక్కగా రాసి, ఓపిగ్గా లెక్క కలిపే పిల్లలు మన డెల్టా కాలేజీల్లో కావలసినంత మంది ఉన్నారు. అందులో అమ్మాయిలే ఎక్కువని నా నమ్మకం.

అత్తయ్య: ఆ ఓఎస్‌సీపీ పరీక్షకి ఎంతవుతుంది?

మేనకోడలు: లక్షన్నర దాకా.

అత్తయ్య: లక్షన్నరా! అమీర్‌పేటలో బోర్డు పెట్టినవాడల్లా లక్షలు గుంజి, చివరికి ఒక కాగితం చేతిలో పెడుతున్నాడని నువ్వే అన్నావు.

మేనకోడలు: అందుకే మొదటి ఏడాది ఒక్క రూపాయీ కట్టొద్దని చిన్నదానికి చెప్పాను. పోర్ట్‌స్విగర్ వాళ్ళ వెబ్ సెక్యూరిటీ అకాడమీ పూర్తిగా ఉచితం. ఓవర్‌దివైర్ ఉచితం. ఈ జ్యూస్ షాప్ ఉచితం. వాటిల్లో ఆరు నెలలు కూర్చోగలిగితే అప్పుడు డబ్బు మాట. హైదరాబాద్ సీ-డాక్‌లో సిస్టమ్స్, సెక్యూరిటీ మీద పీజీ డిప్లొమా ఉంది, ప్రభుత్వ సంస్థ. ఆ సీ-డాక్ హైదరాబాద్ కేంద్రానికి అధిపతిగా పనిచేసింది ఒక ఆవిడ, పి.ఆర్. లక్ష్మీ ఈశ్వరి. ఎం-కవచ్, యూఎస్‌బీ ప్రతిరోధ్ లాంటి రక్షణ పరికరాలు ఆ సంస్థలో తయారై, 2017లో పెట్టిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం ద్వారా జనానికి ఉచితంగా అందుతున్నాయి. తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరోకి డైరెక్టరుగా పనిచేసింది శిఖా గోయల్, ఐపీఎస్ అధికారిణి. ఆడవాళ్ళు లేని చోటేం కాదు.

అత్తయ్య: శిఖరం మీదున్నవాళ్ళ పేర్లు చెప్పకు. మెట్ల మీద ఎంతమంది ఉన్నారో చెప్పు.

మేనకోడలు: తక్కువే. ప్రపంచం మొత్తమ్మీద ఈ రంగంలో ఆడవాళ్ళు నాలుగోవంతు కూడా లేరు. మెట్ల మీద ఏముంటుందో కూడా చెబుతాను. మొదటి రెండేళ్ళు విసుగు. స్కానర్ వందల లోపాలు చూపిస్తుంది, అందులో ఏది నిజం, ఏది ఉత్తిదో ఒక్కొక్కటీ చేత్తో తేల్చాలి. కాపలా కేంద్రంలో చేరితే మూడు షిఫ్టులు, వంతు వచ్చినప్పుడు రాత్రి డ్యూటీ. నన్ను ఒక కంపెనీ ఇంటర్వ్యూలో, పెళ్ళయ్యాక రాత్రి డ్యూటీ చేయగలవా అని అడిగారు. నాతో వచ్చిన అబ్బాయిని అడగలేదు. ఇంకోచోట నేను రాసిచ్చిన పెద్ద లోపాన్ని ఏడాది తర్వాత వెళ్ళి చూస్తే అలాగే ఉంది. మీటింగులో ప్రశ్న నన్ను అడిగి, జవాబు కోసం పక్కనున్న మగవాడి మొహం చూస్తారు. ఇవన్నీ చిన్నదానికి చెప్పాను. దాచలేదు.

అత్తయ్య: నేను క్యాష్ కౌంటర్లో కూర్చున్న రోజుల్లో, ఆడమనిషి లెక్కపెట్టిన నోట్లని నా ఎదురుగానే మళ్ళీ లెక్కపెట్టుకునేవాళ్ళు. పక్క కౌంటర్లో మగాయన ఇస్తే జేబులో పెట్టుకుని పోయేవాళ్ళు.

మేనకోడలు: మరి ఉద్యోగం మానేశారా?

అత్తయ్య: ఎందుకు మానేస్తాను?

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మనవరాలు అప్పటిదాకా నోరెత్తలేదు. ఇప్పుడు గుడ్లవల్లేరు సంగతి ఎత్తింది. 2024 ఆగస్టు చివర్న, ఇక్కడికి దగ్గర్లోనే, అక్కడి ఇంజినీరింగ్ కాలేజీ అమ్మాయిల హాస్టల్లో రహస్య కెమెరాలున్నాయన్న మాట పుట్టి, వందలమంది విద్యార్థులు రాత్రంతా నిరసన తెలిపారు. ప్రభుత్వం విచారణకి ఆదేశించింది. ఫోన్లు, లాప్‌టాప్‌లు నిపుణులు పరీక్షించారు. కెమెరాల ఆనవాళ్ళేవీ దొరకలేదని పోలీసులు చెప్పారు. తన స్నేహితురాలు వారం రోజులు స్నానాల గదిలో దీపం వెయ్యలేదని ఆ పిల్ల చెప్పింది. ఉన్నాయో లేవో తేల్చే మనిషి ఆ రాత్రే, ఆ హాస్టల్లోనే, ఒక ఆడమనిషే అయి ఉంటే ఎంత భయం తగ్గేదో అంది.

మేనకోడలు ఇంతసేపూ చెప్పలేని మాట అది. ఒక అమ్మాయి ఫోటోలు పెట్టి ఎవడో బెదిరిస్తున్నాడంటే, తండ్రికి చెప్పలేక, స్టేషన్లో మగ కానిస్టేబులుకి ఫోన్ ఇవ్వలేక నలిగిపోయే పిల్లలు ఎంతమంది! ఆ ఫోన్ తీసుకుని, ఏం చూడాలో అదే చూసి, ఏం చూడకూడదో అది చూడకుండా, సాక్ష్యం చెడకుండా తీసే చెయ్యి కావాలి. ఈ రంగంలోకి అమ్మాయిలు రావాలనడానికి నాకు ఇంతకన్నా పెద్ద కారణం కనిపించదు. జీతం, హోదా తర్వాత.

అత్తయ్య: నావి మూడు షరతులు. బ్యాంకు ఐటీ ఆఫీసరు పరీక్ష కూడా రాయాలి, అది మానకూడదు. డిగ్రీ చేతికొచ్చేదాకా ఎవడికీ పైసా కట్టకూడదు. కాగితం లేకుండా, ఎవరెంత బతిమాలినా, స్నేహితురాలి మొగుడి ఫోనైనా సరే, తెరవకూడదు.

మేనకోడలు: మూడోది నేనే మొదట పెట్టాల్సిన షరతు.

అత్తయ్య: దొంగలా ఆలోచించడం నాకింకా నచ్చలేదే. చట్టం మారేదాకా నాకు నిద్ర కూడా పట్టదు. అది మారేట్టు చూసుకోండి మీరు.

అత్తయ్య పూర్తిగా ఒప్పుకోలేదు, ఒప్పుకోనక్కర్లేదు కూడా. ఆవిడ ఆఖరి మాటే ఈ వ్యాసం రాయించింది. లోపం చెప్పడానికి వచ్చినవాళ్ళని దొంగలుగా చూసినంత కాలం మంచి ఇళ్ళ పిల్లలు ఈ పనికి జంకుతారు, దొంగలు మాత్రం జంకరు. 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టిన కంబోడియా వ్యవహారం గుర్తు చేసుకోండి. డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మి వెళ్ళిన మన కుర్రాళ్ళని అక్కడ బంధించి, మన వాళ్ళకే ఫోన్లు చేయించి మోసాలు చేయించారు. అటువైపు పని ఇచ్చేవాళ్ళకి కొదవ లేదు.

అందుకని గుడివాడ, మచిలీపట్నం, దివిసీమ ప్రాంతాల్లోని సహకార సంఘాలకి, ఆసుపత్రులకి, కాలేజీలకి, మేత కంపెనీలకి ఒక విన్నపం. మీ వెబ్‌సైటులో లోపం కనిపిస్తే ఎవరికి రాయాలో ఒక చిరునామా పెట్టండి. సెక్యూరిటీ డాట్ టీఎక్స్‌టీ అని నాలుగు వరుసల ఫైలు చాలు, దాని రూపం ఎలా ఉండాలో చెప్పే పత్రం కూడా 2022లో అంతర్జాతీయంగా వచ్చింది, ఖర్చేమీ లేదు. మర్యాదగా రాసినవాళ్ళ మీద ఫిర్యాదు చేయబోమని ఆ పక్కనే ఒక వాక్యం రాయండి. అలాంటి చిరునామా లేనిచోట లోపం మీ కంట పడితే మీరే తవ్వుకుంటూ పోకండి, కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్‌కి రాయండి. డబ్బు పోయిందని తెలిసిన మరుక్షణం సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి. ఆ సొమ్ము ఇంకో ఖాతాలోకి జారకముందే ఆపే వీలు తొలి గంటల్లోనే ఉంటుంది.